ఇన్‌ఛార్జి నాన్న

భీమలింగపట్నం మునిసిపాలిటీకి ఆ ఏడు భర్తీ పిచ్చి పట్టింది. మామూలుగా అయితే ఆ ఆఫీసుకి ఏ పిచ్చీ పట్టదు. పట్టాలన్నా ఫైలు పైకెళ్ళి కిందికి రావాలి. కానీ కమిషనరు గరుడాచలం గారు ఎక్కడో కొండమీద జరిగిన శిక్షణా శిబిరానికి వెళ్ళి, మెడలో ఒక కార్డూ బుర్రలో ఒక నినాదమూ వేసుకుని తిరిగొచ్చారు. "ఖాళీ కనబడిందా, నింపెయ్!" అన్నదే ఆ నినాదం. వచ్చిన మర్నాడే 'భర్తీ పక్షోత్సవాలు' మొదలయ్యాయి. పక్షమంటే పదిహేను రోజులేగా అనుకునేరు! ఆఫీసు పక్షానికి అమావాస్యా ఉండదు, పున్నమీ ఉండదు. అది అలా నడుస్తూనే ఉంది.

ముందుగా వరండాలో ఖాళీ పూలకుండీలన్నీ ప్లాస్టిక్ పువ్వులతో నిండాయి. ఖాళీ గోడలు నినాదాలతో నిండాయి. తర్వాత ఖాళీ పోస్టుల మీద పడ్డారు. కొత్తవాళ్ళని వేసుకోవడానికి డబ్బుల్లేవు కాబట్టి ఉన్నవాళ్ళనే ఇన్‌ఛార్జులుగా వేశారు. లైబ్రరీకి పంపు ఆపరేటరు ఇన్‌ఛార్జి. పంపులకి తోటమాలి ఇన్‌ఛార్జి. తోటకి బిల్లు కలెక్టరు ఇన్‌ఛార్జి. దాంతో పుస్తకాలు తడిశాయి, మొక్కలు ఎండాయి, కొళాయిలు మాత్రం ఎప్పటిలాగే రాలేదు. మరి రోడ్ల మీద గుంతలు కూడా ఖాళీలే కదండీ అని ఒక విలేకరి అడిగితే, "అవి ఖాళీలు కావు, లోతులు" అని కమిషనరు గారు విడమరిచి చెప్పారు.

ఈ హడావుడంతా జరుగుతుండగా, నెలల పిల్లని చంకనెత్తుకుని నీలవేణి ఆ ఆఫీసు మెట్లెక్కింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడడమంటే ఇదే.

నీలవేణిది గడియారం సెంటర్లో కళ్ళజోళ్ళ షాపు. ఊళ్ళో సగం ముక్కుల మీద కూర్చున్నవి ఆవిడ అమ్మిన జోళ్ళే. మనిషి నెమ్మదస్తురాలు, మాట మాత్రం ఖచ్చితం. ఆవిడకి పెళ్ళిచూపులు జరగక కాదు. జరిగాయి, చాలానే జరిగాయి. వచ్చినవాళ్ళలో ఒకడు షాపు తన పేర రాయమన్నాడు. ఒకడు షాపు మూసెయ్యమన్నాడు. ఇంకొకడు ఏమీ అనలేదు, అన్నదంతా వాళ్ళమ్మే. ముప్ఫయ్యెనిమిదో ఏడు వచ్చేసరికి నీలవేణి తనతో తాను కూర్చుని ఆలోచించుకుంది. నాకు కావలసింది బిడ్డ, మొగుడు కాదు. ఈ రెండూ ఒకే పొట్లంలో కట్టి అమ్ముతారని నాకు చెప్పినదెవరు? అలా అనుకుని, షాపుకి రెండ్రోజులు సెలవు రాసి, నగరంలో పిల్లల్లేనివాళ్ళు వెళ్ళే ఆస్పత్రికి వెళ్ళొచ్చింది. ఎవరో ఊరూ పేరూ చెప్పని దాత పుణ్యమా అని కడుపు పండింది.

ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పెద్దదిక్కు మేనత్త సూరమ్మ. సంగతి విని మొదట ఆవిడ గుండెలు బాదుకుంది.

"ఓసి నా తల్లో! మొగుడు లేకుండా పిల్లేమిటే? నలుగురూ నోట్లో గడ్డిపెట్టరూ?"

"నలుగురూ రేపు పిల్లకి పాలు పడతారా అత్తా? పట్టేవాళ్ళుంటే పేర్లు చెప్పు, వాళ్ళని అడిగే కంటాను" అంది నీలవేణి.

సూరమ్మ కాసేపు ముక్కు చీదుకుని, తన కాపురం గుర్తు తెచ్చుకుంది. పెనిమిటి బతికున్నంతకాలం అరుగు మీద పేకాట. ముగ్గురు పిల్లల్లో ఎవరిది ఏ తరగతో ఆయనకి తెలీదు. ఒకసారి పెద్దాణ్ణి బడి దగ్గర చూసి, ఎవరబ్బాయివిరా అని అడిగాడు. "పోనీలే. మొగుడుండి నాకు మాత్రం ఏం ఒరగబెట్టాడు?" అని కళ్ళు తుడుచుకుని, పురిటికి కావలసిన పాత చీరలు చింపడం మొదలెట్టింది.

ఆడపిల్ల పుట్టింది. నర్సు తెచ్చి పక్కలో పడుకోబెడితే, ఎన్నడూ ఏడవని నీలవేణి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇది నాది, నాకోసం నేను తెచ్చుకున్నది అనుకుంటే ఆమెకి ఆనందం గుండెలో పట్టలేదు. ఝరి అని పేరు పెట్టుకుంది. పుట్టుక సర్టిఫికెట్టు మీద బిడ్డ పేరూ పక్కన తన పేరూ, ఆ రెండే చూసుకోవాలని ఆమె ముచ్చట. చాలా చిన్న ముచ్చట. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వొద్దూ!

జనన మరణాల సెక్షన్ గుమాస్తా అద్దాలు సవరించుకున్నాడు. అవీ ఆవిడ షాపువే.

"తండ్రి పేరమ్మా?"

"లేదండీ."

"అయ్యో. పోయారా?" అన్నాడు గొంతు తగ్గించి.

"రాలేదు."

"ఎప్పుడొస్తారు?"

"రారండీ. అసలు ఆ మనిషే లేడు. నేనొక్కదాన్నే. అక్కడ ఖాళీ వదిలెయ్యండి. వదలొచ్చని మా డాక్టరమ్మ చెప్పింది."

ఖాళీ అన్న మాట వినపడగానే సెక్షన్ మొత్తం తలెత్తింది. గుమాస్తా గబగబా లేచి చెప్పులేసుకుని, "అమ్మా, ఆ మాట ఇక్కడ గట్టిగా అనకండి. పక్షోత్సవాలు నడుస్తున్నాయి" అని, ఆమెను తిన్నగా కమిషనరు గదిలోకి తీసుకెళ్ళాడు.

గరుడాచలం గారికి చత్వారం. దూరానివి బ్రహ్మాండంగా కనబడతాయి, దగ్గరివే కనబడవు. ఆ సంగతి నీలవేణికి వృత్తిరీత్యా తెలుసు. ఆయన విషయమంతా విని చాలా హుందాగా నవ్వారు.

"చూడండి నీలవేణి గారూ. మీకు వివాహమైనదా, కానిచో ఏల కాలేదు, శిశువు ఏ విధముగా కలిగినది, ఇవన్నీ మీ వ్యక్తిగత విషయాలు. వాటిలో ప్రభుత్వం జోక్యం చేసుకోదు. ప్రభుత్వానిది విశాల హృదయం."

"సంతోషమండీ."

"కానీ ఖాళీ విషయంలో మాత్రం హృదయం పనిచెయ్యదు. తండ్రి పోస్టు ఖాళీగా ఉండడానికి వీల్లేదు."

"ఆ పోస్టే మా ఇంట్లో లేదండీ."

"లేదనడానికి మీరెవరు?" అన్నారాయన, నొచ్చుకుంటూ. "అది మంజూరైన పోస్టు. శిశువొక్కింటికి తల్లి ఒకరు, తండ్రి ఒకరు. మంజూరైన సిబ్బంది ఇద్దరు. పనిలో ఉన్నది మీరొక్కరు. ఈ లెక్కన మీ ఇల్లు సగం ఖాళీ. ఇంత ఖాళీ మా నీటిపన్ను సెక్షన్లో కూడా లేదు. మీరు ఒంటిచేత్తో ఎలా నెట్టుకొస్తున్నారో తలుచుకుంటే నాకే జాలేస్తోంది."

"నాకు లేని ఇబ్బంది మీకెందుకండీ?"

"ఇబ్బంది మాక్కూడా లేదమ్మా. నింపేస్తున్నాం."

సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. 'ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, మూడవ వార్డు నందలి శిశువుకు సంబంధించి ఖాళీగానున్న తండ్రి పదవికి, పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా, సదరు వార్డు శానిటరీ ఇన్‌స్పెక్టరు శ్రీ బి. సన్యాసిరావును, ఆయన స్వంత విధులకు అదనముగా, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు ఇన్‌ఛార్జిగా నియమించడమైనది. ఆయన తక్షణమే శిశువు యొక్క బాధ్యతలు స్వీకరించి ఆ విషయము తెలియపరచవలెను.'

సన్యాసిరావునే ఎందుకు వేశారంటే, ఒకటి, మురుగుకాలవల రీత్యా ఆ వీధి ఆయన పరిధిలోది. రెండు, ఆయనకి సొంతంగా ముగ్గురు పిల్లలు, కాబట్టి అనుభవజ్ఞుడు. ఆ ముగ్గురినీ వాళ్ళమ్మ రవణమ్మే పెంచుతోందన్న సంగతి సర్వీసు రికార్డులో లేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులతో, ఒక టేపుతో, దోమల మందు మిషనుతో దిగాడు. పాపం మంచివాడే. ఉత్తర్వు అంటే భయం తప్ప వేరే చెడ్డ గుణం లేదు.

"ఛార్జి పుచ్చుకోడానికి వచ్చానమ్మా" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"దేని ఛార్జి నాయనా?" అంది సూరమ్మ.

"పాప ఛార్జండీ. మధ్యాహ్నం లోపు పుచ్చుకుంటే ఇవాళ్టి నుంచే లెక్క."

నీలవేణికి ఒళ్ళు మండిపోయింది. తలుపు మొహాన వేద్దామనుకుంది. కానీ సర్టిఫికెట్టు రావాలంటే ఈ తంతు గడవాలని గుమాస్తా ముందే చెప్పాడు. పళ్ళబిగువున ఓర్చుకుని పిల్లని తెచ్చి చూపించింది. సన్యాసిరావు టేపుతో పొడుగు కొలిచి, తూకం అడిగి, "ఒకటి. ఆడ. పనిచేయు స్థితిలో ఉన్నది" అని రాసుకున్నాడు. తర్వాత నిబంధన ప్రకారం చేతుల్లోకి తీసుకున్నాడు. ఝరి ఆయన మొహంలోకి తేరిపార చూసి, తాను పనిచేయు స్థితిలోనే ఉన్నానని చొక్కా మీద నిరూపించింది.

"ఛార్జి పూర్తిగా ముట్టిందా బాబూ?" అని సూరమ్మ అడిగింది, నోటికి కొంగు అడ్డంపెట్టుకుని.

ఇక అక్కణ్ణించి మొదలైంది అసలు భాగోతం. తండ్రి సర్కారువాడు కాబట్టి పిల్లకి సంబంధించిన ప్రతిదీ సర్కారు దారిలోనే నడవాలి. పేరు ఝరి అని నీలవేణి రాసిస్తే, ఇన్‌ఛార్జి తండ్రి దాన్ని సిఫారసు చేసి పైకి పంపాడు. 'ఝరి అనగా నీటి ప్రవాహమని తెలియుచున్నందున' కమిషనరు గారు నీటి సరఫరా విభాగం అభిప్రాయం కోరారు. వాళ్ళు ఊరంతా గాలించి, 'పురపాలక పరిధిలో అట్టి జలవనరు ఏదియూ లేదు' అని తిప్పి పంపారు. అందాకా పిల్లని 'సదరు శిశువు' అని పిలవమన్నారు. సూరమ్మకి ఇది భలే నచ్చింది. "ఏవే సదరూ! పాలు తాగుతావా సదరూ!" అని ఊయల ఊపేది.

"అత్తా, నువ్వు కూడానా!" అని నీలవేణి కసిరేది.

సన్యాసిరావుకి ఒంట్లో బాగోక సెలవు పెడితే, ఇన్‌ఛార్జికి ఇన్‌ఛార్జిగా పార్కు వాచ్‌మన్ వచ్చాడు. వాడు గేటు దగ్గర కుర్చీ వేసుకుని, వేళ దాటాక పాపని చూడ్డానికి ఎవరినీ లోపలికి వదల్లేదు. షాపు మూసి ఇంటికొచ్చిన నీలవేణిని కూడా వదల్లేదు. లోపల పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే, బయట తల్లి తన గుమ్మంలో తాను నిలబడి, తల్లినని రుజువు చూపించాల్సొచ్చింది. చివరికి వాణ్ణి పక్కకి తోసేసి లోపలికెళ్ళింది. ఆ రోజు పిల్లని గుండెకి అదుముకుని ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలీదు. ఇది నవ్వులాట కాదు, వీళ్ళు నా పిల్లని నిజంగానే తమదనుకుంటున్నారని ఆమెకి మొదటిసారి భయమేసింది.

తర్వాత ఝరికి జ్వరమొచ్చింది. నీలవేణి ఎవర్నీ అడక్కుండా నగరంలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి తగ్గించుకొచ్చింది. వచ్చేసరికి తలుపుకి కాగితం అంటించి ఉంది. ప్రభుత్వోద్యోగి సంరక్షణలోనున్న శిశువు అనుమతి లేకుండా ప్రధాన కేంద్రమును విడిచి వెళ్ళినందుకు తగు సంజాయిషీ ఇచ్చుకోవలెనట. సంజాయిషీ అడిగింది నీలవేణిని కాదు. సదరు శిశువునే.

"ఇచ్చుకుందిలెండి" అంది సూరమ్మ, సంజాయిషీ పట్టుకెళ్ళడానికొచ్చిన అటెండరుతో. "ఆ ఉతకాల్సిన గుడ్డల్లో ఉంది, తీసుకుపోండి."

ఇవన్నీ ఒక ఎత్తు. తర్వాత వచ్చినది ఒక ఎత్తు.

తాటిదిబ్బ అని, జిల్లా చివర ఒక నగర పంచాయతీ ఉంది. అక్కడ శానిటరీ ఇన్‌స్పెక్టరు పోస్టు ఖాళీ. ఖాళీ కనబడింది కాబట్టి సన్యాసిరావుని అక్కడికి బదిలీ చేశారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఉత్తర్వులో కింద ఇంకో వాక్యముంది. 'సదరు ఉద్యోగి తన ఆధీనమందలి అదనపు బాధ్యతతో సహా నూతన స్థానమునకు తరలవలెను. బాధ్యత ఒకచోట, బాధ్యుడు మరొకచోట ఉండుట నిబంధనలకు విరుద్ధము.' అదనపు బాధ్యత అంటే ఝరి. సోమవారం ఉదయం జీపు వస్తుంది.

ఈ వార్త సన్యాసిరావే మోసుకొచ్చాడు. వీధి గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు.

"నాకిష్టం లేదమ్మా. ఒట్టు. తాను దూర కంత లేదు మెడకో డోలన్నట్టు, నా ముగ్గుర్నే నేను చూడలేక చస్తుంటే ఈ నాలుగో పిల్లని ఏం చేసుకోను? మా రవణమ్మ ఇంట్లోంచి పొమ్మంటోంది. కానీ ఉత్తర్వు కదమ్మా."

"ఉత్తర్వొస్తే పసిపిల్లని తల్లి దగ్గర్నించి లాక్కుపోతావా?" అంది నీలవేణి. కోపంతో పాటు ఏడుపూ తన్నుకొచ్చింది.

"మీకు బదిలీ కాలేదు కదమ్మా, నాకయింది" అన్నాడు, తప్పంతా తనదే అన్నట్టు.

సూరమ్మ లోపలికెళ్ళి రోకలి తెచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "రమ్మను జీపుని. ఎవడొస్తాడో చూస్తాను. నా మొగుడు బతికుండగా ఒక్క పిల్లకీ ముక్కు తుడవలేదు. ఇప్పుడు ఊరి కాలవలు చూసేవాడొచ్చి నా మనవరాల్ని ఎత్తుకుపోతాడా?"

రోకలితో జీపు ఆగదని నీలవేణికి తెలుసు. పిల్లని చంకనేసుకుని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఆఫీసుకి నడిచింది. ఏమైనా సరే, కమిషనరు కాళ్ళయినా పట్టుకుంటాను, గొంతయినా పట్టుకుంటాను అనుకుంది. రెంటిలో ఏది పట్టుకోవాలో దారిపొడుగునా తేలలేదు.

గరుడాచలం గారు ఫోన్లో ఉన్నారు. కూర్చోమని చేత్తో సైగ చేశారు.

"ఏమిటి మందాకినీ, ఆఫీసు టైములో? ... బళ్ళో పేరెంట్స్ మీటింగా? ఎవరికి? ... వాడు ఏడోదాంట్లోకి ఎప్పుడొచ్చాడు? ... సర్లే సర్లే. నాకెక్కడ కుదురుతుంది? నువ్వున్నావుగా. అమ్మపనీ నువ్వే చూసుకో, నాన్నపనీ నువ్వే చూసుకో. ఎప్పుడూ చూసుకునేదేగా, ఇవాళ కొత్తా?" అని ఫోను పెట్టేసి, "ఆడవాళ్ళకి ప్రతిదీ చెప్పాలండీ" అని నిట్టూర్చారు.

నీలవేణి ఏడుపు అక్కడితో ఆగిపోయింది. కాళ్ళూ అక్కర్లేదు, గొంతూ అక్కర్లేదు. ఈయన నోట్లోంచే మందు రాలిపడింది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, ఎన్నడూ లేని వినయంతో చేతులు జోడించింది.

"కమిషనరు గారూ, తమరు సన్యాసిరావు గార్ని పంపేస్తే ఇక్కడ తండ్రి పోస్టు మళ్ళీ ఖాళీ అవుతుంది కదండీ?"

"కాదే! పోస్టు కూడా శిశువుతో పాటు తాటిదిబ్బ వెళ్ళిపోతుంది."

"అప్పుడు అక్కడ తల్లి పోస్టు ఖాళీ అవుతుంది కదండీ. నేను ఇక్కడుంటాను."

గరుడాచలం గారు ఉలిక్కిపడ్డారు. అంతటి ఆలోచన ఆయనకి తట్టలేదు. ఒక ఖాళీ నింపబోయి తన చేత్తో తానే ఇంకో ఖాళీ సృష్టిస్తున్నారు! అదీ పక్షోత్సవాల్లో!

"మరేమిటి మార్గం?" అన్నారు.

"తమరే చెప్పారు కదండీ ఇప్పుడే. తల్లిగా నా పని నేను చేస్తూనే ఉన్నాను. దానికి అదనంగా తండ్రి పోస్టుకి నన్నే ఇన్‌ఛార్జిగా వేసెయ్యండి. నాకు బదిలీ లేదు, సెలవు లేదు, రిటైర్మెంటు అసలే లేదు. ఇక ఆ పోస్టు ఎన్నటికీ ఖాళీ కాదు."

ఆయన మొహం వెలిగిపోయింది. లేచి నిలబడి ఆమెకి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. "అద్భుతం! స్థానికంగా అందుబాటులో ఉన్న సిబ్బందితోనే భర్తీ! ఇది రాష్ట్రానికే ఆదర్శం కాగలదు."

"రెండు ఉద్యోగాలు ఒక్కరే చేస్తే అదనపు భత్యం ఇస్తారట కదండీ?" అంది నీలవేణి. కడుపుమంట ఎక్కడికి పోతుంది!

"తల్లులకు ఆ నిబంధన వర్తించదు" అన్నారు గరుడాచలం గారు, ఏమాత్రం తడుముకోకుండా. "వారు స్వచ్ఛందంగా చేస్తారు."

అరగంటలో సర్టిఫికెట్టు చేతికొచ్చింది. తల్లి: నీలవేణి. తండ్రి: నీలవేణి (ఇన్‌ఛార్జి). పిల్ల పేరు దగ్గర ఝరి అనే రాశారు. కొళాయి నీళ్ళ వాళ్ళకి ఈలోగా వేరే ఇన్‌ఛార్జి రావడంతో అభ్యంతరం పోయింది. సన్యాసిరావు ఒంటరిగా తాటిదిబ్బ బస్సెక్కబోతూ, ముందు షాపు దగ్గర ఆగి, పిల్ల చేతిలో ఒక గిలక్కాయ పెట్టాడు. "సొంత డబ్బుల్తో కొన్నానమ్మా, ఆఫీసుది కాదు" అన్నాడు. నీలవేణికి ఆయన మీద కోపమంతా అక్కడ పోయింది.

ఆదర్శాన్ని దాచిపెట్టుకునే మనిషి కాదు గరుడాచలం గారు. విలేకర్లని పిలిచి మరీ చెప్పారు. పేపర్లో పడింది. అది చదివినవాళ్ళు చదవనివాళ్ళకి చెప్పారు.

రెండోనాడు పొద్దున్న ఆఫీసు గేటు తీసేసరికి బయట ఆడవాళ్ళు బారులు తీరి ఉన్నారు. వరండా నిండి, మెట్లు దిగి, వీధి మలుపు దాటింది వరస. నీలవేణి షాపు తెరవడానికి వెళ్తూ చూసి ఆగిపోయింది. వరసలో అందరికంటే ముందు రవణమ్మ ఉంది, ముగ్గురు పిల్లల్నీ వెంటేసుకుని. సూరమ్మ కూడా ఎప్పుడొచ్చిందో, మధ్యలో నిలబడి ఉంది.

"నువ్వెందుకత్తా? మావయ్య పోయి ఎన్నేళ్ళయింది!"

"పోకముందు బాకీ ఉందే" అంది సూరమ్మ. "పేకాటాడినన్నాళ్ళూ నేనే ఇన్‌ఛార్జిని. ముందు తేదీ వేసి ఇస్తారేమో కనుక్కుందామని."

కమిషనరు గారు బయటికొచ్చి ఆ జనాన్ని చూసి మురిసిపోయారు. ఊళ్ళో ఇన్ని ఖాళీలా! ఫొటోగ్రాఫర్ని పిలవమన్నారు. కుర్చీ తెప్పించుకుని వరండాలోనే కూర్చుని రవణమ్మని పిలిచారు.

"నీ భర్త తాటిదిబ్బలో ఉద్యోగం చేస్తున్నాడు కదమ్మా. మనిషి ఉన్నాడు కదా?"

"మనిషి ఉన్నాడు బాబుగారూ. పోస్టే ఖాళీ. ఇక్కడున్నప్పుడూ ఖాళీయే. మీరు ఊరివాళ్ళ పిల్లకి ఆయన్ని ఇన్‌ఛార్జిగా వేశారు కానీ, మా పిల్లలకి ఎవర్నీ వెయ్యలేదు."

వెనకున్న ఆవిడ మొగుడు సారాకొట్లో ఉన్నాడు. ఆ వెనకావిడ మొగుడు పార్టీ ఆఫీసులో ఉన్నాడు. ఇంకొకావిడ మొగుడు ఇంట్లోనే ఉన్నాడట, మంచం మీద, ఫోను చూసుకుంటూ. అందరివీ సజీవంగా ఉన్న ఖాళీలే. గుమాస్తా పెన్ను కదలడం ఆగిపోయింది. వీళ్ళకి ఖాళీ అని రాస్తే నిండు సంసారాలన్నీ ఖాళీలవుతాయి. రాయకపోతే పక్షోత్సవాలు అబద్ధమవుతాయి.

"తర్వాత!" అన్నారు గరుడాచలం గారు, తలెత్తకుండా. "పేరు?"

"మందాకిని."

"భర్త ఏం చేస్తారు?"

"ఖాళీలు నింపుతారు."

ఆయన తలెత్తారు. దగ్గరున్న మనిషి కనపడక కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఎదురుగా నిలబడింది ఆయన భార్యే. చెయ్యి పట్టుకుని, ఏడో తరగతి చదివే పిల్లాడు. పిల్లాడు వాళ్ళ నాన్నకి నమస్కారం పెట్టాడు, స్కూల్లో పెద్దవాళ్ళొస్తే పెట్టినట్టు.

"ఇంటికెళ్ళు మందాకినీ, మాట్లాడుకుందాం" అన్నారాయన, మెల్లిగా.

"ఇంట్లో ఆ సెక్షన్ లేదుగా. అందుకే ఇక్కడికొచ్చాను" అందావిడ. "అమ్మపనీ నాన్నపనీ నన్నే చూసుకోమన్నారు. నోటిమాట చెల్లదని మీరే అంటారు. ఉత్తర్వు ఇప్పించండి."

ఎవరూ నవ్వలేదు. ఫొటోగ్రాఫరు మాత్రం ఫొటో తీశాడు, అతన్ని అందుకే పిలిచారు కాబట్టి.

ఆ మధ్యాహ్నమే భర్తీ పక్షోత్సవాలు దిగ్విజయంగా ముగిసినట్టు ప్రకటన వెలువడింది. పట్టణమందు ఖాళీలేవియూ లేవని, ఉన్నట్టు ఎవరికైనా తోచినచో అది వారి దృష్టిలోపమని అందులో రాశారు. దానికి అనుబంధంగా మరో ఉత్తర్వు: ఇన్‌ఛార్జి తండ్రుల నియామకాలన్నీ రద్దు. తండ్రి పేరు లేనిచో ఆ స్థలమును పూర్వ పద్ధతి ప్రకారము వదిలివేయవచ్చును. అంటే, నీలవేణి మొదటిరోజు మొదటి మాటగా అడిగినదే.

సాయంత్రం గుమాస్తా స్వయంగా కొత్త సర్టిఫికెట్టు పట్టుకుని ఇంటికొచ్చాడు. బిడ్డ పేరు, తల్లి పేరు. ఆ రెండే ఉన్నాయి. నీలవేణి దాన్ని చాలాసేపు చూసుకుంది. వేలితో తన పేరు తడిమి, పిల్ల పేరు తడిమింది. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు.

గుమాస్తా కదల్లేదు.

"అమ్మా, ఆ పాత సర్టిఫికెట్టు వెనక్కిచ్చేస్తే తీసుకెళ్తాను. తండ్రి పోస్టు రద్దయింది కదా, తమరు ఇన్‌ఛార్జిగా కొనసాగకూడదు. ఛార్జి అప్పగించెయ్యాలి."

లోపల ఝరి ఏడుపు అందుకుంది. బట్టలు తడిపినట్టుంది.

"అలాగేనండీ, అప్పగిస్తాను" అంది నీలవేణి లేస్తూ. "పుచ్చుకునేవాళ్ళెవరో పంపండి."

గుమాస్తా వీధి వైపు చూశాడు. పాత సర్టిఫికెట్టు మాట మళ్ళీ ఎత్తకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.